కైర్‌నార్వన్‌లో తెలిన్ పండగ

హార్ప్ వాయించే పిల్ల ఉన్న ఇంట్లో కారు కొనేటప్పుడు రంగు గురించి, మైలేజీ గురించి పెద్దగా చర్చ ఉండదు. వెనక సీట్లు మడిస్తే ఆరడుగుల వాద్యం అందులో పడుకుంటుందా లేదా అన్నదొక్కటే లెక్క. పడుకుంటే కొంటారు, లేకపోతే ఇంకో షోరూముకు వెళ్తారు. వాద్యం బరువు నలభై కిలోలకు అటూ ఇటూ. దాన్ని దించడానికి నాన్న కావాలి, చక్రాల బండి మీదకు ఎక్కించడానికి అమ్మ సాయం పట్టాలి, తలుపు పట్టుకోవడానికి తమ్ముడు ఉండాలి. వాయించే అమ్మాయి మాత్రం పక్కన నిలబడి, పెడళ్ళు గడపకు కొట్టుకోకుండా "కాస్త ఎడమకి, ఇంకాస్త" అంటూ ఉంటుంది.

వేల్స్ వాయవ్య కొసన, మెనాయ్ జలసంధి ఒడ్డున కైర్‌నార్వన్ అనే ఊరుంది. జనాభా పదివేల లోపే. ఎడ్వర్డ్ మహారాజు వేల్స్‌ను జయించిన ఊపులో 1283లో మొదలుపెట్టిన కోట ఆ ఊరి మీద ఇప్పటికీ పెద్దరికం చేస్తుంటుంది. ఇంగ్లీషు రాజు తన అధికారం చూపించుకోవడానికి కట్టిన కోట కిందే ఈనాటికీ వీధిలో, దుకాణంలో వేల్ష్ భాషే ఎక్కువగా వినపడుతుంది. నాలుగేళ్ళకోసారి ఈస్టర్ రోజుల్లో ఈ ఊరి పాత రేవు పక్కనున్న 'గాలెరి' కళాకేంద్రం ముందు పైన చెప్పిన కార్లన్నీ వరస కడతాయి. అది వేల్స్ అంతర్జాతీయ హార్ప్ ఉత్సవం. 2006లో మొదలైంది. 2010లో, 2014లో, 2018లో మళ్ళీ జరిగింది. వేల్ష్‌లో హార్ప్‌ను 'తెలిన్' అంటారు. మన చెవికి చుట్టరికం ఉన్నట్టు వినపడే మాటే గానీ, తెలుగుతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఉత్సవం అంటే సాయంత్రం కచేరీలు, పగలు పాఠాలు, మధ్యలో పోటీలు. పెద్ద కళాకారులు ఒక్కో విద్యార్థిని వేదిక మీద కూర్చోబెట్టి అందరి ముందూ సరిదిద్దుతారు. హార్ప్ తయారీదారులు తమ సరుకు పరుచుకుని కూర్చుంటారు. పోటీల్లో టీనేజి పిల్లలకు ఒక విభాగం, చదువు ముగించి వృత్తిలో అడుగుపెట్టబోయే యువకులకు ఇంకో విభాగం. ఈ రెండోదానికి పెట్టిన పేరు 'పెన్‌కెర్ద్'. మధ్యయుగాల వేల్ష్ చట్టాల్లో ప్రధాన విద్వాంసుడికి ఉన్న బిరుదది. మన దగ్గర 'ఆస్థాన విద్వాంసుడు' అన్నట్టు. దాదాపు నాలుగు వందల కుర్చీలున్న హాల్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ పేరు కోసం వాయిస్తుంటే, ఆ మాట వెనకున్న వెయ్యేళ్ళు అతని వీపు మీద కూర్చున్నట్టే.

ముందు వాద్యం సంగతి చూద్దాం. తెలుగువాళ్ళు హార్ప్‌ను ఎక్కువగా చూసింది సినిమా స్వప్న దృశ్యాల్లో, గ్రీటింగ్ కార్డుల మీది దేవదూతల ఒళ్ళో. చూడ్డానికి తేలిక, వినడానికి చల్లన. వాయించేవాళ్ళ పాదాలు చూస్తే ఈ అభిప్రాయం మారిపోతుంది.

పెద్ద కచేరీ హార్ప్‌కు 47 తీగలు. అన్నీ ఒకేలా కనపడితే చేతులు దారి తప్పుతాయి కాబట్టి ప్రతి స్థాయిలోనూ 'సి' తీగలకు ఎరుపు, 'ఎఫ్' తీగలకు నలుపో నీలమో రంగు వేస్తారు. అవే మైలురాళ్ళు. పై తీగలు సన్నవి, మధ్యవి జంతువుల పేగుతో చేసినవి, మంద్రంలో ఉక్కు మీద లోహపు చుట్టు చుట్టినవి. వాద్యాన్ని కుడి భుజం మీదకు వాల్చుకుని, రెండు చేతులూ చెరో వైపు నుంచి తీగల్లోకి పోనిస్తారు. చిటికెనవేలికి పని లేదు. అది పొట్టిది, తీగను అందుకునేలోగా చేతి ఒంపు చెడిపోతుంది. అంటే పది వేళ్ళ పని ఎనిమిదింటితో చెయ్యాలి. తొలి నెలల్లో వేళ్ళ కొసలు బొబ్బలెక్కుతాయి, తర్వాత కాయలు కాస్తాయి. ఆ కాయలే ఆ తర్వాత ఆస్తి. వేసవి సెలవుల్లో రోజంతా ఈత కొట్టి కాయలు మెత్తబెట్టుకొచ్చిన శిష్యురాలిని చూస్తే గురువుకు ఒళ్ళు మండుతుంది.

అసలు చిక్కు కింద ఉంది. స్వరానికొకటి చొప్పున ఏడు పెడళ్ళు. ఎడమ పాదానికి మూడు, కుడి పాదానికి నాలుగు. ఒక్కో పెడలుకు మూడు గాడులు. పై గాడిలో ఉంటే ఆ స్వరం అరమెట్టు తగ్గి ఉంటుంది, మధ్యలో మామూలు స్థానంలో, కింది గాడిలోకి తొక్కితే అరమెట్టు పెరుగుతుంది. ఒక పెడలు తొక్కితే ఆ స్వరానికి చెందిన తీగలు దాదాపు అన్నీ, పై నుంచి కింది దాకా, ఒక్కసారే మారిపోతాయి. బోలు స్తంభంలోంచి వెళ్ళే ఉక్కు కడ్డీలు పైనున్న చిన్న చక్రాలను తిప్పితే, వాటి మీది మేకులు తీగను నొక్కి పొట్టి చేస్తాయి. ఏడు పెడళ్ళు, మూడేసి గాడులు: మొత్తం 2187 రకాల అమరికలు. 72 మేళకర్తలకే తల తిరిగే సంగీత విద్యార్థులు మన దగ్గర ఉన్నారు. ఇక్కడ ఆ లెక్కను పాదాలు గుర్తుపెట్టుకోవాలి. చేతులు ఒక వాక్యం వాయిస్తుంటే, పాదాలు రెండు వాక్యాల ముందు నడుస్తుంటాయి. ప్రేక్షకుడికి ఇదేమీ తెలియదు. పొడుగు గౌను అంచు కింద మడమలు కదలడం మాత్రం ముందు వరసలోవాళ్ళకు కనిపిస్తుంది. న్యాయనిర్ణేతలకు కనిపించనక్కర్లేదు, వినపడుతుంది: తొందరలో పెడలు వదిలేస్తే ఉక్కు కడ్డీ 'టక్' మంటుంది. తీగ ఇంకా మోగుతుండగా మారిస్తే చిన్న 'జుయ్'. పోటీలో మార్కులు జారిపోయే చప్పుళ్ళివి.

ఈ రెండు మెట్ల పెడల్ యంత్రానికి 1810లో పేటెంటు తీసుకున్నది సెబాస్టియన్ ఎరార్ అనే పియానో తయారీదారు. అంతకు ముందు కూడా పెడళ్ళున్నాయి, కానీ అవి ఒక్క మెట్టే ఎక్కించేవి. పిల్లలు మాత్రం మొదట ఈ యంత్రం జోలికి పోరు. పెడళ్ళు లేని చిన్న హార్ప్‌తో మొదలుపెడతారు. దాని మీద ఒక్కో తీగకు పైన చిన్న మీట ఉంటుంది, ఎడమ చేత్తో ఎత్తి దించుకోవాలి. కాళ్ళు నేలకందే వయసు వచ్చాక పెద్దదాని దగ్గరకు వెళ్తారు. ఫ్రాన్సులో హెన్రియెట్ రెనియే అనే అమ్మాయి అంతవరకూ ఆగలేదు. కాళ్ళందకపోతే వాళ్ళ నాన్న పెడళ్ళకు అతుకులు కట్టి పొడిగించాడు. 1887లో పదకొండేళ్ళకే పారిస్ కన్సర్వేటరీ మొదటి బహుమతి పట్టుకుపోయింది. ఆమె పెద్దయ్యాక రాసిన రచనలు ఇప్పుడు పోటీలకు వచ్చే పిల్లలందరి సంచుల్లోనూ ఉంటాయి.

పోటీ అనగానే ఇది ఈ కాలపు జాడ్యమనీ, టీవీ షోల ప్రభావమనీ అనుకునేవాళ్ళున్నారు. వేల్స్‌లో ఆ మాట చెల్లదు. 1176లో రిస్ అనే ప్రభువు కార్డిగన్‌లో కొత్తగా కట్టిన కోటలో క్రిస్మస్ విందుతో పాటు రెండు పోటీలు పెట్టాడు. ఒకటి కవులకు, ఇంకొకటి వాద్యకారులకు: హార్ప్, క్రూత్ అనే కమాను వాద్యం, పిల్లనగొట్టం. సంగతి ఏడాది ముందే వేల్స్‌తో పాటు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులలో చాటించాడని నాటి వేల్ష్ చరిత్ర గ్రంథం చెబుతుంది. గెలిచినవాళ్ళకు కుర్చీలు బహుమతి. కవిత్వంలో ఉత్తరాది గ్వినెడ్ వాళ్ళు గెలిచారు. తీగల వాద్యంలో గెలిచింది రిస్ ప్రభువు కొలువులోని ఓ కుర్రవాడు. ఆతిథేయుడి మనిషికే బహుమతి రావడం మీద ఆ రాత్రి గ్వినెడ్ వాళ్ళు ఏమనుకున్నారో గ్రంథం రాయలేదు. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి ఈ సభను 'ఐస్టెద్‌వొద్' అనే వేల్ష్ సాంస్కృతిక పోటీల పండగకు తొలి ఉదాహరణగా చెప్పుకుంటారు.

అంతకు ముందు నుంచే చట్టంలో హార్ప్‌కు చోటుంది. పదో శతాబ్దపు రాజు హవెల్ ధా పేరు మీద నడిచిన వేల్ష్ ధర్మశాస్త్రం పెద్దమనిషికి తప్పనిసరైన వస్తువులు మూడంటుంది: హార్ప్, పై వస్త్రం, చదరంగం లాంటి ఆటపలక. రాజుగారి హార్ప్ ఖరీదు 120 పెన్నీలు, శ్రుతి చేసే తాళంచెవి ఖరీదు 24. పెద్దమనిషి హార్ప్ అయితే అందులో సగం. శ్రుతి చేసే పరికరానికి విడిగా ధర కట్టిన చట్టం రాసినవాళ్ళు సంగీతం తెలిసినవాళ్ళే అయివుండాలి.

1567లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం ఓ ఉత్తర్వు ఇచ్చింది. విద్వాంసులమని చెప్పుకుని ఊళ్ళ మీద పడి తిరిగే సోమరులు ఎక్కువయ్యారు, వాళ్ళను పరీక్షించండి, నిలిచినవాళ్ళకు పట్టాలివ్వండి, నిలవనివాళ్ళను కష్టం చేసుకు బతకమనండి అని. ఆ పరీక్ష 1568లో కైర్విస్ అనే ఊళ్ళో జరిగింది. అక్కడి ప్రధాన బహుమానం అరచేతిలో పట్టేంత వెండి హార్ప్. దాన్ని ఇచ్చే హక్కు మోస్టిన్ వంశానిది; ఆ బొమ్మ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. ఈనాటి పోటీలో ఓడిపోయినవాడికి కనీసం న్యాయనిర్ణేతల ఓదార్పు మాట ఉంటుంది. అప్పట్లో ఓడితే నాగలి పట్టడమే.

పదిహేడో శతాబ్దంలో ఇటలీ నుంచి లండన్ మీదుగా మూడు వరసల హార్ప్ వేల్స్‌కు చేరింది. అటూ ఇటూ వరసల్లో మామూలు స్వరాలు, మధ్య వరసలో అరమెట్టు స్వరాలు. మధ్య తీగ కావాలంటే ముందు వరసలోంచి వేలు దూర్చి అందుకోవాలి. వేల్స్ వాళ్ళు దీన్ని ఎడమ భుజం మీద పెట్టుకుని ఎంతగా సొంతం చేసుకున్నారంటే, పుట్టిల్లు ఇటలీ మరిచిపోయినా అత్తిల్లు మరవలేదు. హాండెల్ హార్ప్ కచేరీ రచన 1736లో లండన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు వాయించింది పవెల్ అనే వేల్స్ కళాకారుడే. ఆ రచన వాయించకుండా హార్ప్ విద్యార్థి చదువు ఇవాళ్టికీ పూర్తికాదు.

తర్వాత గండం ప్రభుత్వం నుంచి కాదు, ప్రార్థనా మందిరం నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టు భక్తి ఉద్యమం ఊరూరా పాకింది. హార్ప్ ఉన్నచోట నాట్యం, నాట్యం ఉన్నచోట తాగుడు, తాగుడు ఉన్నచోట పాపం. వాద్యాలు అటకెక్కాయి. పాతబాణీలను ఆ రోజుల్లో మోసుకు తిరిగినవాళ్ళలో ముఖ్యులు సంచార రోమానీ కుటుంబాలు, ముఖ్యంగా అబ్రామ్ వుడ్ సంతతి. వాళ్ళకు మందిరాల భయం తక్కువ. మర్యాదస్తులు వదిలేసిన విద్యను ఇలా సంచారులు కాపాడటం మన తోలుబొమ్మలాటవాళ్ళనూ, జంగాలనూ ఎరిగిన తెలుగువాళ్ళకు వింతేమీ కాదు.

ఆ పరంపరలోంచి ఇరవయ్యో శతాబ్దానికి మిగిలిన పేరు నాన్సీ రిచర్డ్స్ (1888–1979). మూడు వరసల హార్ప్ ఊపిరి ఆగిపోకుండా చేసింది ఆమె ఒక్కతే అన్నా పెద్ద అతిశయోక్తి కాదు. ఆమె మీద ఓ కథ ఉంది. 1920లలో అమెరికా వెళ్ళినప్పుడు మొక్కజొన్న అటుకుల కంపెనీ యజమాని కెలాగ్‌ను కలిసిందట. మీ పేరు వింటే మా భాషలో కోడిపుంజును అనే 'కైలియోగ్' గుర్తొస్తోంది, పెట్టె మీద పుంజు బొమ్మ వెయ్యకూడదా అందట. కంపెనీ పెట్టె మీద పుంజు ఉన్నమాట నిజం. మిగతాది వేల్స్ జనం ఇష్టంగా చెప్పుకునే మాట.

పోటీలో గెలిచిన పిల్లవాడి జాతకం ఎలా తిరగబడుతుందో చెప్పడానికి జాన్ థామస్ కథ సరిపోతుంది. దక్షిణ వేల్స్‌లో దర్జీ కొడుకు. 1838లో పన్నెండేళ్ళ వయసులో అబెర్గవెన్నీ ఐస్టెద్‌వొద్‌లో మూడు వరసల హార్ప్ బహుమతిగా గెలుచుకున్నాడు. ఆ తర్వాత లండన్ రాయల్ అకాడమీలో చదవడానికి డబ్బు సాయం చేసింది అడా లవ్‌లేస్. కవి బైరన్ కూతురు, కంప్యూటరు ప్రోగ్రాములకు ఆద్యురాలిగా ఇవాళ ఇంజినీరింగు విద్యార్థులు చదివే ఆ అడాయే. థామస్ చివరికి విక్టోరియా రాణి ఆస్థాన హార్ప్ విద్వాంసుడయ్యాడు. ఆయన పాత వేల్ష్ బాణీలకు కట్టిన హార్ప్ రచనలు ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు.

ఆ ఆస్థాన పదవి తర్వాత చాలాకాలం ఖాళీగా పడివుంది. 2000లో వేల్స్ యువరాజుగా ఉన్న చార్లెస్ దాన్ని మళ్ళీ తెరిచి, ఇరవయ్యేళ్ళ కాట్రిన్ ఫించ్‌ను నియమించాడు. అప్పటి నుంచి నాలుగైదేళ్ళకొకరు చొప్పున యువ కళాకారులకే ఆ పదవి ఇస్తున్నారు. 2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకం రోజు వెస్ట్‌మినిస్టర్ ఆబేలో కార్ల్ జెంకిన్స్ రచనను హార్ప్ మీద వినిపించింది ఆలిస్ హ్యూస్, ఈ వరసలో ఆరో మనిషి.

ఇక కైర్‌నార్వన్ ఉత్సవానికి ప్రాణం పోసిన ఎలినోర్ బెన్నెట్ దగ్గరకు వద్దాం. ఆమె ముందు లా చదివింది. తర్వాత లండన్‌లో ఓషన్ ఎలిస్ దగ్గర హార్ప్ నేర్చుకుంది. ఎలిస్ (1928–2021) మెథడిస్టు పాస్టరుగారి అబ్బాయి. హార్ప్‌ను వెళ్ళగొట్టిన ఇంట్లోంచే హార్ప్ బయల్దేరిందన్నమాట. బెంజమిన్ బ్రిటన్ 1969లో రాసిన హార్ప్ సూట్ ఈ ఎలిస్ కోసమే. చివరి భాగాన్ని ఓ వేల్ష్ కీర్తన బాణీ మీద అల్లాడు బ్రిటన్, అది స్నేహితుడికిచ్చిన తాంబూలం. విలియం మతయాస్ అనే వేల్ష్ స్వరకర్త 1970లో రాసిన హార్ప్ కచేరీ రచన కూడా ఎలిస్‌కే. మతయాస్ 1992లో పోయాక ఆయన పేరు మీద కైర్‌నార్వన్‌లో సంగీత పాఠశాల పెట్టినవారిలో ముందున్నది బెన్నెట్. ఆ బడి నడిచేది గాలెరి భవనంలోనే. హార్ప్ ఉత్సవాన్ని నిర్వహించేదీ ఆ బడే.

చాలా అంతర్జాతీయ పోటీల వెనక కచేరీ సంస్థలో, విశ్వవిద్యాలయాలో ఉంటాయి. ఇక్కడ ఉన్నది మిగతా రోజులన్నీ ఊరి పిల్లలకు పాఠం చెప్పే బడి. పోటీకి ఏ దేశం నుంచో వచ్చిన విద్యార్థి ఏ గదిలో సాధన చేసుకుంటాడో, ఆ గదిలో ముందు వారం ఎనిమిదేళ్ళ పిల్ల మొదటి పాఠం నేర్చుకుని ఉంటుంది. ఆ పిల్లకు టిక్కెట్టు కొని హాల్లో కూర్చోబెడితే చాలు, చెప్పాల్సింది ఇంకేమీ మిగలదు. కాట్రిన్ ఫించ్ అలాగే మొదలైంది. కెరెడిగియాన్ తీరంలోని లానోన్ అనే చిన్న ఊరి అమ్మాయి, చిన్నప్పుడే ఎలినోర్ బెన్నెట్ శిష్యురాలు, పదేళ్ళు నిండకముందే ఎనిమిదో గ్రేడు దాటింది. 1999లో ఫ్రాన్సులో లిలీ లస్కిన్ అంతర్జాతీయ పోటీ గెలిచింది. తర్వాత బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ మొత్తాన్ని హార్ప్‌కు మార్చి రికార్డు చేసింది. కీబోర్డు వాళ్ళకే చెమటలు పట్టించే రచన అది.

హార్ప్ పోటీల్లో ముసలిది ఇజ్రాయెల్‌ది. 1959లో మొదలైంది; దావీదు రాజు వాయించిన వాద్యం మాదే అన్న అభిమానం కూడా అందులో ఉంది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయం ఉన్న బ్లూమింగ్టన్‌లో 1989లో సుసాన్ మెక్‌డొనాల్డ్ అనే ఉపాధ్యాయురాలు ఇంకోటి ప్రారంభించింది, మూడేళ్ళకోసారి జరుగుతుంది. 2004లో అక్కడ గెలిచిన ఫ్రెంచి యువకుడు ఇమాన్యుయెల్ సేసాన్ పారిస్ ఒపేరాలో, ఆ తర్వాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో, అటుపైన లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌లో ప్రధాన హార్పిస్టయ్యాడు. ఈ రెండు పోటీల్లోనూ మొదటి బహుమతి డబ్బు సంచి కాదు, హార్పే. ఇందులో లోకజ్ఞానం ఉంది. పెద్ద హార్ప్ ధర పెడితే మన దగ్గర మంచి కారు వస్తుంది. పాతికేళ్ళ కళాకారుడికి చెక్కు చేతికిస్తే ఇంటద్దెకు పోతుంది. వాద్యమిస్తే వృత్తి మొదలవుతుంది. పైగా ఒక ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ముప్ఫై ఉంటే హార్ప్ ఒకటో రెండో. ఆ కుర్చీ ఖాళీ అయ్యేసరికి తల నెరవొచ్చు. వియన్నా ఫిల్‌హార్మోనిక్‌లో అన్నా లెల్కెస్ ఇరవయ్యేళ్ళకు పైగా హార్ప్ వాయించినా, ఆడమనిషన్న ఒక్క కారణాన సభ్యుల పట్టికలో ఆమె పేరు లేదు. 1997లో గానీ ఆ ఆర్కెస్ట్రా ఆమెను సభ్యురాలిగా ఒప్పుకోలేదు. తను ఆ ఆర్కెస్ట్రాకు తొలి సభ్యురాలు.

పోటీల పాటల పట్టిక చూస్తే ఇంకో తమాషా బయటపడుతుంది. ఫోరే 1904లో రాసిన ఇంప్రాంప్చూ, ప్రతి పోటీలోనూ ఎవరో ఒకరు వాయించేది, పారిస్ కన్సర్వేటరీ వార్షిక పరీక్ష కోసం పుట్టిన రచన. అంటే ప్రశ్నపత్రం కాస్తా కావ్యమైపోయింది. అదే ఏడాది ప్లేయెల్ కంపెనీ పెడళ్ళ బాధ లేని, రెండు వరసల తీగలు అడ్డంగా దాటుకునే కొత్త రకం హార్ప్ అమ్ముకోవడానికి దెబుస్సీ చేత రెండు నాట్య బాణీలు రాయించుకుంది. పోటీ కంపెనీ ఎరార్ ఊరుకుంటుందా? తన పెడల్ హార్ప్ సత్తా చూపించమని రవేల్‌ను పట్టుకుంది. 1905లో 'ఇంట్రడక్షన్ అండ్ అలెగ్రో' తయారైంది. వ్యాపారంలో ఎరార్ పక్షం గెలిచింది, ప్లేయెల్ హార్ప్ మ్యూజియం పాలైంది. దెబుస్సీ రచనను కూడా చివరికి పెడల్ హార్ప్ మీదే వాయిస్తున్నారు. రెండు కంపెనీల పోరులో లాభపడింది ఆనాటికి పుట్టని పిల్లలు.

సాధారణ శ్రోత ఇలాంటి పోటీకి వెళ్తే వేగం చూసి చప్పట్లు కొడతాడు. న్యాయనిర్ణేతల చెవి వేరేచోట ఉంటుంది. హార్ప్ తీగ మీటాక దానంతటది ఆగదు. పియానోలో వేలు తీస్తే మెత్తటి దిమ్మ వచ్చి తీగను ఆపేస్తుంది, హార్ప్‌కు ఆ ఏర్పాటు లేదు. పాత స్వరం మోగుతూనే కొత్త స్వరం మీద పడుతుంది. దాన్ని అరచేత్తోనో, వేలి పక్కతోనో వాయించే మనిషే ఆపాలి, అదీ పక్క తీగ కదలకుండా. మంద్రంలో లావు తీగలైతే మరీ కష్టం. గుడిగంట కొట్టి, సరిగ్గా రెండో లెక్కకు చేతులతో పట్టుకుని ఆపినట్టు. అందుకే హార్ప్ పాఠంలో సగం, మోగించడం గురించి కాదు, ఆపడం గురించి.

మిగతా సగం శ్రుతి గురించి. పేగు తీగలకు గాలిలో తేమంటే పడదు. కైర్‌నార్వన్ సముద్రపు గాలి, హాల్లో దీపాల వేడి, రెండూ కలిస్తే పొద్దున చేసిన శ్రుతి మధ్యాహ్నానికి ఉండదు. హార్పిస్టుల జీవితంలో సగం శ్రుతి చేయడంలో, మిగతా సగం శ్రుతి తప్పిన హార్ప్ వాయించడంలో గడుస్తుందని వాళ్ళ మధ్య ఓ పాత జోకు. మధ్యలో తీగ తెగితే తుపాకీ పేలినంత చప్పుడు. పోటీదారు సంచిలో నీళ్ళ సీసా లేకపోయినా విడి తీగలు, తాళంచెవి తప్పకుండా ఉంటాయి. దూరదేశం వాళ్ళు సొంత హార్ప్‌తో విమానమెక్కడం కష్టం గనక పెద్ద పోటీల్లో తయారీదారులిచ్చిన వాద్యం మీదే వాయించాలి. కొత్త గుర్రం ఎక్కి పందేనికి దిగడమే.

సాయంత్రాలు వేరు. అప్పుడు వేదిక మీద ఆసక్తికరమైన వేల్ష్ విద్య ఒకటి వినే అవకాశం ఉంటుంది: 'కెర్ద్ దాంట్'. హార్ప్ ఒక బాణీ మొదలుపెడుతుంది. గాయకుడు వెంటనే అందుకోడు. కొన్ని ఆవర్తాలు పోనిచ్చి, పూర్తిగా వేరే వరసలో ఓ పద్యం ఎత్తుకుంటాడు. హార్ప్ తన బాణీ తనది, గొంతు తన వరస తనది. ఒకదానికొకటి తోడు కాదు, పోటీ కాదు. ఇద్దరూ కచ్చితంగా ఒకే దెబ్బ మీద ముగించాలి. మన పద్యనాటకాల్లో హార్మోనియం పద్యం వెంట పరుగెత్తడం విన్న చెవికి ఈ స్వతంత్రం మొదట గందరగోళం, రెండోసారికి వ్యసనం.

హార్ప్ అంటే ఐరోపా ఒక్కటే కాదన్న స్పృహ కూడా ఈ వర్గంలో ఈ మధ్య పెరిగింది. కాట్రిన్ ఫించ్ సెనెగల్‌కు చెందిన సెకూ కైటాతో కలిసి 2013లో 'క్లఖై దిబోన్' అనే ఆల్బమ్ చేసింది. కైటా వాయించేది కోరా, సొరకాయ బుర్ర మీద తోలు బిగించి తీగలు కట్టిన పశ్చిమాఫ్రికా హార్ప్. బర్మాలో సౌంగ్ ఉంది, పడవలా వంగిన మెడ, పదహారు తీగలు.

ఈ సౌంగ్‌ను చూసిన తెలుగువాడికి ఎక్కడో చూశాననిపిస్తే అది భ్రమ కాదు. అమరావతి స్తూపం మీద, నాగార్జునకొండ ఫలకాల మీద స్త్రీలు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్న విల్లులాంటి వాద్యం అదే జాతి. ఆ రోజుల్లో 'వీణ' అంటే ఇవాళ్టి తంజావూరు వీణ కాదు, హార్ప్. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు వాయిస్తున్నదీ అదే. తమిళ సంగం కవులు దాన్నే యాళ్ అన్నారు. తర్వాత మెట్లున్న వీణలు వచ్చి పేరుతో సహా చోటు లాక్కున్నాయి. కృష్ణా తీరంలో ఆ వాద్యం ఇప్పుడు సున్నపురాయి మీద మాత్రమే ఉంది. అమరావతి రాళ్ళలో చాలాభాగం చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి.

పూర్తిగా పోలేదు కూడా. మధ్యప్రదేశ్‌లో మండ్లా చుట్టుపక్కల పర్ధాన్ గాయకుల దగ్గర ఐదు తీగల 'బిన్ బాజా' కనిపించిందని సంగీత పరిశోధకులు 1980లలో రాశారు. విల్లులా వంగిన ఆ వాద్యంతో గోండు దొరల కథలు పాడేవాళ్ళు. మన ఆదిలాబాద్ పర్ధాన్ల చేతిలో ఉండేది కిక్రి, అది కమానుతో వాయించేది. పాట కోసం గాయకుడు పోషక కుటుంబం ఇంటికి వెళ్తే, పక్కన కొడుకు కూర్చుని వింటూ నేర్చుకునేవాడు. వాళ్ళకు బడి అదే.